లాంగ్‌హార్న్ బీటిల్ నుంచి మొదలుపెట్టండి: కీటకాలను దగ్గరగా గమనించడానికి సమగ్ర మార్గదర్శి

కీటకాలను గమనించాలన్న ఆసక్తి పుట్టగానే చాలామంది సీతాకోకచిలుకల వెంట పడతారు. అవి అందంగా ఉంటాయి, కానీ ఒకచోట నిలవవు. నన్నడిగితే లాంగ్‌హార్న్ బీటిల్‌తో మొదలుపెట్టమంటాను. ఒంటికంటే పొడవైన మీసాలున్న ఈ పెంకు పురుగును భూతద్దం లేకుండానే ఆనవాలు పట్టొచ్చు. కొమ్మను గట్టిగా పట్టుకుని నిదానంగా నడుస్తుంది. ఒకసారి దొరికిందంటే చాలాసేపు మన కళ్లముందే ఉంటుంది.

సెరాంబిసిడే అనే ఈ కుటుంబంలో ఇప్పటివరకు 35 వేలకు పైగా జాతులకు పేర్లు పెట్టారు. అంటార్కిటికా తప్ప అన్ని ఖండాల్లోనూ, చెట్లు ఉన్న దాదాపు ప్రతిచోటా ఇవి ఉంటాయి. అమెజాన్ అడవుల్లోని టైటానస్ జైగాంటియస్ పొడవు 16 సెంటీమీటర్లు దాటుతుంది. ఇదే కుటుంబంలో అర సెంటీమీటరు కూడా లేని జాతులున్నాయి.

ఈ పద్ధతి అంతటికీ మూలం ఒక్కటే: ఎన్ని పురుగులు చూశామన్నది పక్కన పెట్టి, ఒక్క పురుగు దగ్గర ఎక్కువసేపు ఆగడం. కింద చెప్పిన అడుగులన్నీ అలా ఆగడానికి పనికొచ్చేవే.

మొదటి అడుగు: భూతద్దం సరిగ్గా పట్టుకోవడం

ఖరీదైన సామాను ఏమీ అక్కర్లేదు. మడిచి జేబులో పెట్టుకునే చిన్న భూతద్దం, చిన్న స్కేలు, నోట్‌బుక్, పెన్సిల్, మూత ఉన్న పారదర్శకమైన చిన్న డబ్బా, ఒక తెల్లగుడ్డ, తలకు కట్టుకునే టార్చి. ఇవి చాలు.

భూతద్దాన్ని ఎక్కువమంది చెయ్యి చాపి, పురుగు దగ్గర పెట్టి, దూరం నుంచి చూస్తారు. అలా చూస్తే కనిపించేది కొంచెమే. అద్దాన్ని కంటికి దాదాపు ఆనించి పట్టుకోవాలి. తర్వాత కంటిని, అద్దాన్ని కలిపి పురుగు వైపు మెల్లగా జరపాలి. ఒక దూరం దగ్గర బొమ్మ ఒక్కసారిగా స్పష్టమవుతుంది. పది రెట్లు పెద్దగా చూపే అద్దానికి ఆ దూరం సుమారు రెండున్నర సెంటీమీటర్లే. కదలని పురుగుకైతే అది బాగుంటుంది, బెదిరే పురుగుకు అంత దగ్గరికి వెళ్లలేం. అందుకే మొదట ఐదు రెట్ల అద్దం కొనుక్కోండి. దానితో ఐదు సెంటీమీటర్ల దూరం దొరుకుతుంది, చూపు పరిధి కూడా విశాలంగా ఉంటుంది.

మీ దగ్గర బైనాక్యులర్స్ ఉంటే ఇంకో చిట్కా. వాటిని తిరగేసి, పెద్ద అద్దం వైపు నుంచి చూస్తూ, చిన్న అద్దాన్ని పురుగుకు దగ్గరగా పెట్టండి. అప్పుడది మంచి భూతద్దంలా పనిచేస్తుంది. ఇక తూనీగలు, సీతాకోకచిలుకలు లాంటి వాటికి రెండు మీటర్ల లోపు దూరంలో కూడా ఫోకస్ అయ్యే బైనాక్యులర్స్‌ను మించినది లేదు.

రెండో అడుగు: పురుగును కాదు, చెక్కను వెతకండి

లాంగ్‌హార్న్ బీటిల్ జీవితంలో మనకు కనిపించేది చివరి భాగమే. పూర్తిగా ఎదిగిన పురుగుగా బతికేది కొన్ని వారాలో, కొన్ని నెలలో. అంతకుముందు కాలమంతా తెల్లని లార్వాగా, అంటే గుడ్డులోంచి వచ్చిన పిల్ల పురుగుగా, చెక్క లోపల గడుపుతుంది. చాలా జాతుల్లో ఈ దశ ఒకటి నుంచి మూడేళ్లు. పోషకాలు తక్కువగా ఉండే ఎండు కలపలో అది ఇంకా సాగుతుంది. తయారైన చెక్క సామానులోంచి దశాబ్దాల తర్వాత పురుగు బయటికొచ్చిన సందర్భాలు కూడా నమోదయ్యాయి. అందుకే ఎండుతున్న కొమ్మలు, ఈమధ్యే కూలిన చెట్లు, నరికి పేర్చిన దుంగలు ఎక్కడున్నాయో ముందు చూసుకోవాలి. తాజాగా కోసిన చెక్క నుంచి వచ్చే వాసన వీటిని దూరం నుంచి రప్పిస్తుంది. నరికిన కొత్తలో దుంగ దగ్గర కనిపించే పురుగులు వేరు, బెరడు వదులైపోయాక వచ్చేవి వేరు. ఒకే దుంగను నెలల తరబడి చూస్తూ ఉంటే ఈ మార్పు బాగా తెలుస్తుంది.

చెట్టు మీద కనిపించే గుర్తులు ఇవి. మొదలు దగ్గర, బెరడు పగుళ్లలో రంపపు పొట్టు లాంటి పొడి లేదా సన్నని పీచు రాలి ఉంటే లోపల ఎవరో తొలుస్తున్నారన్నమాట. చిన్న కొమ్మ చుట్టూ ఎవరో కత్తితో గాటు పెట్టినట్టు వలయం ఉండి, దాని పైభాగం ఎండిపోయి ఉంటే అది గర్డ్లర్ అనే లాంగ్‌హార్న్‌ల పని. ఆడపురుగు కొమ్మ చుట్టూ కొరికి రసప్రవాహాన్ని ఆపేస్తుంది. చనిపోతున్న ఆ చెక్కలో పిల్లలు పెరుగుతాయి. పురుగు బయటపడిన రంధ్రం ఆకారం కూడా చూడండి. లాంగ్‌హార్న్‌లవి గుండ్రంగా గానీ కోలగా గానీ ఉంటాయి. జీరంగి కుటుంబంలో కొన్నిటివి ఒక వైపు చదునుగా, మరో వైపు వంపుగా ఉంటాయి. గుండుసూదితో పొడిచినంత సన్నని రంధ్రాలు గుంపుగా ఉంటే అవి బెరడు పురుగులవి.

ఎండిన దుంగకు చెవి ఆనించి కాసేపు ఊపిరి బిగబట్టి వినండి. లోపల పెద్ద లార్వా ఉంటే కరకరమని కొరికే శబ్దం, మధ్యమధ్య ఆగుతూ, వినిపిస్తుంది. పైన్ చెట్లలో పెరిగే మోనోకేమస్ అనే లాంగ్‌హార్న్ జాతుల లార్వాల చప్పుడు కొన్నిసార్లు చెవి ఆనించకుండానే వినపడుతుంది. కళ్లకు కనిపించని జీవి ఒకటి చెక్క లోపల తన పని తాను చేసుకుంటోందని అలా తెలుసుకోవడం నాకు చాలా ఇష్టమైన అనుభవం.

ఆ రంధ్రం వెనక ఇంకో విశేషం ఉంది. ఫ్రాన్స్‌కు చెందిన కీటక పరిశీలకుడు జాన్ ఆన్రీ ఫాబ్ర్ (1823–1915) ఓక్ చెట్లలోని సెరాంబిక్స్ అనే లాంగ్‌హార్న్ పురుగులను గమనించాడు. పూర్తిగా ఎదిగిన పురుగులను ఓక్ దుంగల్లో చేసిన గదుల్లో మూసిపెడితే అవి తొలుచుకుని బయటికి రాలేకపోయాయి. అంటే బయటికి దారి వేసేది లార్వానే. చెక్క మధ్యలో మూడేళ్లు గడిపిన లార్వా, ప్యూపాగా (ఎదిగిన పురుగుగా మారే ముందటి దశగా) మారే సమయానికి పైపొర దగ్గరికి దారి తొలిచి, ఒక గది చేసుకుని, తల ఆ దారి వైపు ఉండేలా పడుకుంటుంది. గట్టి పెంకుతో, పొడవైన మీసాలతో తయారయ్యే పురుగు ఆ ఇరుకు గదిలో వెనక్కి తిరగలేదు. చెట్టు మీద గుండ్రటి రంధ్రం కనిపించినప్పుడల్లా ఆ ఏర్పాటు గుర్తుకు తెచ్చుకోండి.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. లోపల ఏముందో చూద్దామని బెరడు పీకకండి, దుంగ చీల్చకండి. వాటికి అది ఇల్లు. దుంగను పక్కకు తిప్పి చూస్తే మళ్లీ అదే స్థితిలో పెట్టేయండి. పురుగులున్న కట్టెలను వేరే ఊరికి తీసుకెళ్లకండి. చైనా, కొరియా ప్రాంతాలకు చెందిన అనోప్లోఫోరా గ్లాబ్రిపెన్నిస్ అనే లాంగ్‌హార్న్ 1996లో న్యూయార్క్‌లో బయటపడింది. ప్యాకింగ్ చెక్కల్లో దాక్కుని సముద్రాలు దాటిందది. దాన్ని అడ్డుకోవడానికి అక్కడ వేల సంఖ్యలో చెట్లు నరకాల్సి వచ్చింది.

మూడో అడుగు: వేళ చూసుకోవడం

కీటకాల ఒంటి వేడి చాలావరకు బయటి వాతావరణాన్ని బట్టి ఉంటుంది. తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడు మందకొడిగా ఉంటాయి. దగ్గరికెళ్లి వివరంగా చూడటానికి అదే మంచి సమయం. ఎండెక్కాక పువ్వుల మీద సందడి మొదలవుతుంది. చిన్నచిన్న తెల్లని పూలు గొడుగులా గుత్తుకట్టే మొక్కలు కనిపిస్తే అక్కడే కూర్చోండి. లెప్టురినే ఉపకుటుంబానికి చెందిన సన్నటి లాంగ్‌హార్న్‌లు పుప్పొడి కోసం అక్కడికి వస్తాయి. చీకటి పడ్డాక ప్రియోనినే ఉపకుటుంబపు పెద్ద పురుగులు, గోధుమ, నలుపు రంగుల్లో ఉండేవి, తిరగడం మొదలుపెడతాయి. వాన వెలిసి ఉక్కగా ఉన్న సాయంత్రం వచ్చిందంటే ఇంట్లో కూర్చోకండి.

కొమ్మ కింద తెల్లగుడ్డ పరిచిపట్టి, కర్రతో కొమ్మను రెండుసార్లు గట్టిగా తట్టే పద్ధతి కూడా ఉంది. పట్టు తప్పి రాలిన పురుగుల్లో కొన్ని కాళ్లు ముడుచుకుని చచ్చినట్టు పడి ఉంటాయి. గుడ్డ కదపకుండా కాసేపు ఓపిక పట్టండి. మొదట మీసాల కొసలు కదులుతాయి, తర్వాత కాళ్లు విచ్చుకుంటాయి. చూడటం అయ్యాక గుడ్డను ఆ కొమ్మ దగ్గరే మెల్లగా దులపండి.

నాలుగో అడుగు: దగ్గరికి వెళ్లడం

కీటకం ముందుగా పసిగట్టేది కదలికను, నీడను, కొమ్మ అదురును. సూర్యుడు ఎటున్నాడో చూసుకుని, మీ నీడ దాని మీద పడకుండా వెళ్లండి. పైనుంచి వంగకుండా, పక్కనుంచి, దాని ఎత్తులోనే చేరుకోవాలి. రెండడుగులు వేసి ఆగండి. అది మీసాలు ఒక్కసారిగా నిక్కబొడిచినా, కొమ్మకు అవతలి వైపు జారుకుంటున్నా మీరు తొందరపడ్డారని అర్థం. కదలకుండా ఉండిపోతే చాలాసార్లు మళ్లీ తన పనిలో పడుతుంది. ఊపిరి నేరుగా దాని మీదికి వదలకండి. కీటకాలు దాన్ని బాగా పట్టేస్తాయి.

చేత్తో పట్టుకోవాల్సిన అవసరం దాదాపు ఎప్పుడూ రాదు. పెద్ద లాంగ్‌హార్న్‌ల దవడలు చర్మం కోసేంత బలమైనవి. తెలియని పురుగులను అసలు ముట్టుకోవద్దు. బ్లిస్టర్ బీటిళ్ల ఒంట్లోని కాంథరిడిన్ అనే విషపదార్థం తగిలితే బొబ్బలు లేస్తాయి. నారింజ, నలుపు చారలతో సన్నగా ఉండే ప్యాడెరస్ పురుగు కుట్టదు గానీ, ఒంటి మీద నలిగితే చర్మం కాలినట్టవుతుంది. వాలితే నలపకుండా ఊది పంపేయండి. వెంట్రుకలున్న గొంగళిపురుగులకు, కందిరీగల గూళ్లకు ఎలాగూ దూరం పాటించాల్సిందే.

ఐదో అడుగు: తల నుంచి కాళ్ల దాకా చదవడం

పురుగు ముందు కుదురుకున్నాక ఫోటో కోసం తొందరపడకండి. ముందు ఒక వరసలో చూడండి.

కళ్లతో మొదలుపెట్టండి. చాలా లాంగ్‌హార్న్‌ల కన్ను గుండ్రంగా ఉండదు. మీసం మొదలును చుట్టుకుంటూ ఒక వైపు లోపలికి నొక్కుకుపోయి ఉంటుంది. అమెరికా ఖండంలో మిల్క్‌వీడ్ మొక్కల మీద ఉండే టెట్రాఓపెస్ అనే లాంగ్‌హార్న్ పురుగుల్లో ఈ నొక్కు ఎంత లోతుకు వెళ్లిందంటే, కన్ను పూర్తిగా రెండుగా విడిపోయింది. మీసానికి పైన ఒకటి, కింద ఒకటి, మొత్తం నాలుగు కళ్లున్నట్టే.

తర్వాత మీసాలు. సాధారణంగా 11 కణుపులుంటాయి. లెక్కపెట్టండి. మొదటిది లావుగా, రెండోది చాలా పొట్టిగా ఉంటుంది. మగవాటి మీసాలు ఆడవాటికంటే పొడవు. అకాంథోసైనస్ ఈడిలిస్ అనే జాతి మగపురుగు మీసాలు ఒంటి పొడవుకు మూడు రెట్లు దాటుతాయి. నడుస్తున్నప్పుడు మీసాలు ముందుకు చాచి, చెక్కను తడుతూ వెళ్తుంది. విశ్రాంతిలో కొన్ని జాతులు వాటిని వెనక్కి ఒంటి మీదుగా వాల్చేస్తాయి. మధ్యమధ్య ముందుకాలితో ఒక మీసాన్ని కిందికి వంచి, మొదలు నుంచి కొస దాకా లాగి శుభ్రం చేసుకుంటుంది. వాసనలు పట్టే అవయవం దుమ్ము కొట్టుకుపోతే దానికి లోకమే తెలియదు.

కాళ్ల కొసలు చూడటానికి పది రెట్ల అద్దం కావాలి. పాదంలో నాలుగు భాగాలే ఉన్నట్టు కనిపిస్తుంది, నిజానికి ఐదు. మూడోది రెండు పాయలుగా చీలి వెడల్పుగా ఉంటుంది. నాలుగోది దాని మధ్యలో ఇరుక్కుని దాదాపు కనపడదు. ఆకులు తినే పెంకు పురుగులకు, ముక్కు పురుగులకు కూడా ఇలాంటి పాదమే ఉంటుంది, ఇవన్నీ బంధువులే. పాదం అడుగున దట్టమైన నూగు ఉంటుంది. నున్నటి ఆకు మీద కూడా జారకుండా నిలబెట్టేది అదే.

శబ్దం మర్చిపోవద్దు. బెదిరిన లాంగ్‌హార్న్ తలను, తల వెనకే ఉండే మెడ పెంకును పైకీ కిందికీ ఊపుతూ కీచుకీచుమంటుంది. మెడ పెంకు వెనక అంచు, దాని కింద సన్నని గీతలున్న పలక మీద రాసుకోవడం వల్ల ఆ శబ్దం వస్తుంది. దువ్వెన పళ్ల మీద గోరు గీసినట్టన్నమాట. వీడియో తీస్తే తల ఊపు, శబ్దం ఒకే లయలో సాగడం గమనించవచ్చు. కేవలం ఆ శబ్దం కోసం పురుగును బెదిరించకండి, డబ్బాలోకి ఎక్కిస్తున్నప్పుడు అదే వినిపిస్తుంది.

ఎగిరే ముందు క్షణాలు కూడా చూడదగ్గవి. కొమ్మ చివరికి ఎక్కుతుంది, పొట్ట లోపలికీ బయటికీ ఆడుతుంది, పైనున్న గట్టి పెంకులు తెరుచుకుంటాయి, కింద మడిచి ఉన్న పలుచని రెక్కలు విప్పుకుంటాయి. ఫోన్‌లో స్లో మోషన్ ఉంటే ఆ క్షణానికి వాడుకోండి.

ఆరో అడుగు: ఏం చేస్తోందో చూడటం

ఇక్కడే ఎక్కువ సమయం పెట్టండి. మగపురుగు ఆడదాన్ని దూరం నుంచి వాసనతో వెతుక్కుంటూ వచ్చినా, ఆఖరికి గుర్తుపట్టేది మీసంతో తాకాకే. ఆడదాని ఒంటి మీది మైనపు పూతలో ఆ గుర్తు ఉంటుంది. చాలా జాతుల్లో తాకిన మరుక్షణం మగది తీరు మారిపోతుంది. జత కలిశాక కూడా వేరే మగది రాకుండా చాలాసేపు వీపు మీదే ఉండి కాపలా కాస్తుంది. రెండో మగది వస్తే మీసాలతో కొట్టుకుంటాయి, దవడలతో కరుచుకుంటాయి, ఒకదాన్నొకటి కొమ్మ మీంచి తోసేసుకుంటాయి.

గుడ్లు పెట్టడం ఇంకా బాగుంటుంది. లామినే ఉపకుటుంబంలో చాలా జాతుల ఆడపురుగు బెరడును దవడలతో కొరికి చిన్న గాటు చేస్తుంది. తర్వాత వెనక్కి తిరిగి, పొట్ట చివర ఉన్న గొట్టాన్ని సరిగ్గా ఆ గాటులోకి దించి గుడ్డు పెడుతుంది. వెనక ఏం జరుగుతోందో దానికి కనపడదు, అయినా గురి తప్పదు. కొరకడానికి ఎంతసేపు పట్టింది, రెండో గాటు ఎంత దూరంలో పెట్టింది, మధ్యలో బెరడును మీసాలతో ఎన్నిసార్లు తడిమింది: ఇవన్నీ అక్కడికక్కడే రాసుకోండి.

ఇదే ఓపిక మిగతా కీటకాల దగ్గరా పనికొస్తుంది. పేనుబంక పట్టిన రెమ్మ దగ్గర కూర్చుంటే, చీమ మీసాలతో తట్టడం, పేనుబంక తియ్యని చుక్క ఒకటి వదలడం, చీమ దాన్ని తాగేయడం చూడొచ్చు. అక్షింతల పురుగు లార్వా అక్కడికొస్తే చీమలు ఊరుకోవు. తూనీగల్లో కొన్ని వేటకు లేచి మళ్లీ అదే పుల్ల మీద వాలతాయి. కాబట్టి వెంటపడకుండా పుల్ల దగ్గరే వేచి ఉండండి. ముందుకాళ్లు మడిచి వేటకు కాచుకునే మాంటిస్ అనే కీటకం కంట్లో ఒక నల్లచుక్క మీరు ఎటు కదిలితే అటు తిరుగుతూ కనిపిస్తుంది. అది కనుపాప కాదు. వేల చిన్న కళ్లలో సరిగ్గా మీ వైపు తిరిగి ఉన్నవి, వెలుగును వెనక్కి పంపకుండా పీల్చుకోవడం వల్ల నల్లగా కనిపిస్తాయి. పువ్వు మీద పసుపు, నలుపు చారల కందిరీగ వాలితే దాని నోటిని, రెక్కలను చూడండి. క్లైటస్ ఏరైటిస్ లాంటి లాంగ్‌హార్న్‌లు కందిరీగ వేషంలో, అచ్చం దానిలాగే గబగబా ఆగి ఆగి నడుస్తాయి. రెక్కల మీద నిట్టనిలువు మధ్యగీత ఉంటే అది పెంకు పురుగే.

ఏడో అడుగు: రాత్రి తెర

రెండు కర్రల మధ్య తెల్లని దుప్పటి కట్టి, దాని ముందు బల్బు వేలాడదీయండి. అతినీలలోహిత కాంతి ఇచ్చే దీపమైతే ఇంకా ఎక్కువ వస్తాయి, కానీ దానివైపు నేరుగా చూడకూడదు. వెన్నెల లేని, గాలి లేని రాత్రులు మంచివి. దుప్పటి మీద కంటే దాని చుట్టుపక్కల గడ్డిలో, చెట్ల మొదళ్ల మీద పెద్ద పెంకు పురుగులు ఆగిపోతుంటాయి, టార్చితో అక్కడా చూడండి. అడుగు ఎక్కడ వేస్తున్నారో జాగ్రత్త. విశ్రాంతిగా ఉన్నవాటిని చూసేటప్పుడు టార్చికి ఎర్ర కాగితం కట్టుకోండి, చాలా కీటకాలకు ఎరుపు సరిగా కనపడదు. పని కాగానే దీపం ఆర్పేయాలి. దుప్పటి మీదున్నవాటిని పొదల్లోకి మెల్లగా దులపాలి. అలాగే వదిలేస్తే తెల్లవారగానే పక్షులకు ఆహారమైపోతాయి.

ఎనిమిదో అడుగు: ఫోటో

చిన్నవాటిని దగ్గరగా తీసే మ్యాక్రో లెన్స్‌తో నిజ పరిమాణంలో తీసేటప్పుడు స్పష్టంగా వచ్చే లోతు ఒకటి రెండు మిల్లీమీటర్లే. అందుకని పురుగు ఒంటికి కెమెరాను సమాంతరంగా పట్టుకోండి, ఫోకస్ కంటి మీద పెట్టండి. లెన్స్‌లో వెలుగు వెళ్లే రంధ్రాన్ని (అపెర్చర్) ఎఫ్/8 నుంచి ఎఫ్/11 దాకా వాడండి, ఇంకా బిగిస్తే బొమ్మ స్పష్టత తగ్గుతుంది. ఫ్లాష్ ముందు తెల్లని పలుచటి ప్లాస్టిక్ అడ్డం పెట్టాలి. లేకపోతే మెరిసే పెంకు మీద తెల్లమచ్చ తప్ప ఏమీ రాదు. ఫోన్‌కు తగిలించుకునే మ్యాక్రో లెన్స్ కూడా బాగానే పనిచేస్తుంది. దానితో ఫోకస్ కోసం తెర నొక్కే బదులు, ఫోన్‌నే మిల్లీమీటరు ముందుకీ వెనక్కీ జరుపుతూ వరసగా ఫోటోలు తీయండి.

కదలకుండా ఉంటాయని పురుగులను ఫ్రిజ్‌లో పెట్టి ఫోటో తీసేవాళ్లున్నారు. నేను దానికి ఒప్పుకోను. చలికి కాళ్లు ముడుచుకున్న పురుగు ఫోటోలో దాని సహజమైన తీరు ఏమీ మిగలదు. దానికి హింస కూడా.

తొమ్మిదో అడుగు: రాయడం, గుర్తుపట్టడం

తేదీ, సమయం, స్థలం, వాతావరణం, ఏ చెట్టు, చెట్టు బతికుందా ఎండిందా, నేల నుంచి ఎంత ఎత్తులో ఉంది, ఏం చేస్తోంది. ఈ వివరాలు అక్కడే రాయాలి, ఇంటికొచ్చాక కాదు. పొడవు కొలిచేటప్పుడు తల నుంచి పెంకు చివరి దాకానే లెక్క, మీసాలు విడిగా రాయండి. చేతకాకపోయినా బొమ్మ గీయండి. గీయాలంటే మీసం కన్నుకు ఎక్కడ తగులుతోందో మళ్లీ చూడక తప్పదు.

గుర్తింపుకు పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి, ముఖం ఎదురుగా ఒకటి, మీసాలు కొసల దాకా కనిపించేలా ఒకటి, చెట్టుతో కలిపి ఒకటి తీయండి. ముఖం ముందువైపు నిట్టనిలువుగా, చదునుగా ఉంటే లామినే ఉపకుటుంబం అయ్యే అవకాశం ఎక్కువ. జీవుల ఫోటోలు పంచుకునే, 2008లో మొదలైన ఐనాచురలిస్ట్ అనే వెబ్‌సైట్, యాప్‌లో ఆ ఫోటోలు పెడితే ప్రపంచం నలుమూలల నుంచి తెలిసినవాళ్లు చూసి చెబుతారు. యాప్ చూపించిన మొదటి పేరును అలాగే నమ్మేయకండి. రంగు, మచ్చలు ఒకేలా ఉండే జాతులు చాలా ఉన్నాయి. కాళ్లు, మెడ పెంకు పక్కన ముల్లు ఉందా లేదా, మీసాల కణుపుల పొడవు లాంటివి సరిపోల్చుకోండి. జాతి దాకా తేలకపోతే ఉపకుటుంబం పేరు దగ్గరే ఆపి, పక్కన చెట్టు పేరు తప్పకుండా రాయండి. తర్వాత ఎవరైనా నిపుణులు చూసినప్పుడు చాలాసార్లు ఆ చెట్టు పేరే చిక్కుముడి విప్పుతుంది.